జి.డి.నాయుడు

జి.డి.నాయుడుగా ప్రసిద్ధుడైన గోపాలస్వామి దొరైస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) తమిళనాడులోని కోయంబత్తూరుకు చెందిన యంత్ర నిర్మాత, ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త. ఇతని మాతృభాష తెలుగు. ఇంజనీరింగు పట్టా గాని, ఉన్నత పాఠశాల చదువు గాని లేకుండానే, యంత్రాలను విప్పి చూసి తిరిగి బిగించడం ద్వారా విద్య నేర్చుకొని, చిన్న మోటార్లు, రేడియోలు, కారు మొదలైన అనేక వస్తువులను రూపొందించాడు. ఇతనిని భారతదేశపు ఎడిసన్ అని పిలుస్తారు. దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారు నిర్మాణంలో ఇతని పాత్ర ముఖ్యమైనది.

బాల్యం

నాయుడు కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. తండ్రి గోపాలస్వామి నాయుడు. విజయనగర, నాయక రాజుల కాలాలలో తెలుగు ప్రాంతాల నుండి కొంగునాడుకు వెళ్ళి స్థిరపడిన వ్యవసాయ కుటుంబాలు కోయంబత్తూరు పరిసరాలలో అనేకం ఉన్నాయి. నాయుడు కుటుంబం కూడా అటువంటి తెలుగు కుటుంబమే. పసితనంలోనే తల్లి మరణించింది. బడి చదువు మీద ఇతనికి ఆసక్తి కలగలేదు. చదువు ప్రాథమిక స్థాయిలోనే ఆగిపోయింది. తరువాత పొలం పనులు చేస్తూ, దొరికిన పుస్తకాలను స్వయంగా చదువుకొన్నాడు.

మోటారు సైకిలుతో మలుపు

యుక్తవయసులో నాయుడు తన పల్లె ప్రాంతానికి వచ్చిన ఒక ఆంగ్లేయ అధికారి వద్ద రడ్జ్ కంపెనీ మోటారు సైకిలును చూశాడు. ఎడ్లూ గుర్రాలూ లేకుండా దానంతట అది కదిలే వాహనం అతనిని ఆకర్షించింది. దానిని కొనాలనే కోరికతో పల్లె విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో సర్వరుగా పనికి కుదిరాడు. కొన్నేళ్ళపాటు జీతంలో మిగిల్చిన సొమ్ముతో చివరకు ఆ మోటారు సైకిలును కొన్నాడు. కొన్న తరువాత దానిని నడపడంతో తృప్తి పడక, భాగాలన్నీ ఊడదీసి పరిశీలించి మళ్ళీ బిగించాడు.

ఈ పని ఎంత కష్టమైనదో ఇంజను పనితీరును బట్టి తెలుస్తుంది. ఆ కాలపు రడ్జ్ బండ్లు సుమారు 500 ఘనపు సెంటీమీటర్ల పరిమాణం గల ఒకే సిలిండరు ఇంజనుతో వచ్చేవి. సిలిండరులో పిస్టన్ మొదట కిందికి దిగుతూ పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని పీల్చుకొంటుంది. రెండవసారి పైకి లేస్తూ దానిని నొక్కుతుంది. అప్పుడు పుట్టే విద్యుత్ రవ్వతో మిశ్రమం మండి పిస్టన్‌ను కిందికి నెడుతుంది. నాల్గవసారి పిస్టన్ పైకి వస్తూ కాలిన వాయువును బయటికి పంపుతుంది. వాల్వులు తెరుచుకోవడం, రవ్వ పుట్టడం ఖచ్చితమైన సమయంలో జరగాలి. బిగించేటప్పుడు పళ్ళచక్రం ఒక్క పన్ను అటూ ఇటూ అయినా ఇంజను సరిగా నడవదు. గురువు లేని యువకునికి ఆ ఇంజనే పాఠశాల అయింది. ఈ అనుభవంతో నాయుడు మెకానిక్కుగా జీవనం ప్రారంభించాడు.

రవాణా వ్యాపారం

తరువాత నాయుడు పత్తి వ్యాపారంలో ప్రవేశించాడు గాని బొంబాయిలో నష్టపోయి తిరిగి వచ్చాడు. ఆ సమయంలో కోయంబత్తూరులో పరిశ్రమలు నడుపుతున్న రాబర్ట్ స్టేన్స్ అతనికి సహాయం చేశాడు. ఆ సహాయంతో ఒక బస్సును కొని, 1920లో పొల్లాచి, పళని పట్టణాల మధ్య నడపడం మొదలుపెట్టాడు. ఆ ఒక్క బస్సే యు.ఎం.ఎస్. అనే రవాణా సంస్థకు నాంది. కొద్ది సంవత్సరాలలోనే అది దక్షిణ భారతదేశంలో పేరున్న పెద్ద బస్సు సంస్థలలో ఒకటిగా ఎదిగింది.

బస్సులకు మరమ్మతులు నిరంతరం అవసరం. విడిభాగాలు ఎక్కువగా విదేశాల నుండి రావలసి ఉండేది. అందువల్ల మరమ్మతు శాల రవాణా వ్యాపారానికి ఆయువుపట్టు అయింది. బస్సుల ఆదాయం నాయుడు ప్రయోగాలకు పెట్టుబడిని కూడా సమకూర్చింది.

దేశీయ విద్యుత్ మోటారు

1930వ దశకం ప్రారంభంలో నీలగిరులలోని పైకారా జలవిద్యుత్ కేంద్రం నుండి కోయంబత్తూరు ప్రాంతానికి విద్యుత్తు అందసాగింది. దానితో నూలు మిల్లులు పెరిగాయి. లోతైన బావుల నుండి నీరు తోడడానికి రైతులకు పంపులు అవసరమయ్యాయి. అయితే వాటిని నడిపే మోటార్లు దిగుమతి చేసుకోవలసినవే. ధర ఎక్కువ. చెడిపోతే భాగాలు దొరకడం కష్టం.

ఈ పరిస్థితిలో డి.బాలసుందరం నాయుడుతో కలిసి జి.డి.నాయుడు 1937లో విద్యుత్ మోటారును తయారు చేశాడు. కోయంబత్తూరులోని పీలమేడులో ఉన్న నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో ఇది తయారైంది. దీనిని దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా పేర్కొంటారు. బాలసుందరం నాయుడు తరువాతి కాలంలో టెక్స్‌టూల్ సంస్థను స్థాపించాడు. క్రమంగా కోయంబత్తూరు మోటార్లకు, నీటి పంపులకు దేశమంతటా పేరుపొందిన కేంద్రమైంది.

ఇతర ఆవిష్కరణలు

నాయుడు ఆవిష్కరణలలో రసాంట్ అనే క్షౌర యంత్రం ప్రసిద్ధమైనది. రసాంట్ అంటే జర్మన్ భాషలో వేగవంతమైనది అని అర్థం. అమెరికాలో జాకబ్ షిక్ 1931లో అమ్మకానికి తెచ్చిన విద్యుత్ క్షౌర యంత్రం గోడలోని ప్లగ్గు నుండి వచ్చే విద్యుత్తుతో పనిచేసేది. నాయుడు యంత్రం టార్చిలైటులో వేసే రకం సెల్లులతో నడిచేది. ఒక్కొక్క సెల్లు ఇచ్చేది 1.5 వోల్టులు మాత్రమే. అంత తక్కువ శక్తితో తిరిగే మోటారును చేతిలో ఇమిడేటట్లు తయారు చేయాలంటే సన్నని రాగితీగను ఒత్తుగా చుట్టాలి, తిరిగే భాగంలో రాపిడి అతి తక్కువగా ఉండాలి. చిన్న మోటారు తయారీలో అసలు కష్టం ఇదే.

ఇతని ఇతర ఆవిష్కరణలలో కొన్ని:

* అతి పలుచని క్షౌర బ్లేడ్లు
* సినిమా కెమెరాలలో దూరాన్ని సరిచేసే పరికరం
* పండ్ల రసం తీసే యంత్రం
* కిరోసిన్‌తో నడిచే పంకా
* మోసానికి వీలులేని ఓటింగు యంత్రం (దేశంలో ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రాలను తొలిసారి వాడినది 1982లో, కేరళలోని పరవూరులో)

1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారు చేయగలనని ప్రకటించాడు. వ్యవసాయంలో కూడా ప్రయోగాలు చేసి పత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలలో కొత్త రకాలను గుర్తించాడు. ఇతని తోటను సి.వి.రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సందర్శించారు. 1967లో ఒక ఇంటిని పునాది మొదలు పూర్తి అయ్యే వరకు కొద్ది గంటలలోనే కట్టించాడు.

రెండు వేల రూపాయల కారు

1952లో నాయుడు ఇద్దరు కూర్చొనే పెట్రోలు కారును తయారు చేయించాడు. దాని ధర సుమారు 2,000 రూపాయలు. కానీ కారు తయారీ కొనసాగలేదు. 1951లో పార్లమెంటు చేసిన పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం 1952 మే నెలలో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం నిర్దిష్ట పరిశ్రమలు స్థాపించడానికి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. నాయుడు కారుకు లైసెన్సు లభించకపోవడంతో తయారీ నిలిచిపోయింది. సామాన్యులను దృష్టిలో ఉంచుకొని తయారైన మారుతి 800 కారు 1983 డిసెంబరులో గాని రోడ్డెక్కలేదు.

నాయుడు ఆవిష్కరణలలో అనేకం ఇదే విధంగా నమూనా దశను దాటి విస్తృతమైన ఉత్పత్తికి చేరలేదు. యంత్రాన్ని తయారు చేయగల నేర్పు ఒక వ్యక్తికి ఉన్నంత మాత్రాన అది ప్రజలకు అందదని, పెట్టుబడి, అనుమతులు, మార్కెట్టు కూడా కలిసిరావాలని ఇతని జీవితం తెలుపుతుంది.

సాంకేతిక విద్య

1944లో నాయుడు రవాణా సంస్థ బాధ్యతల నుండి విరమించుకొని పరిశోధక విద్యార్థులకు, కార్మికులకు, బడుగు వర్గాలకు సహాయ పథకాలు ప్రకటించాడు. ఇతని కృషితో, విరాళాలతో కోయంబత్తూరులో సాంకేతిక విద్యాసంస్థలు ఏర్పడ్డాయి. వాటికి అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు పెట్టారు. 1945లో నాయుడు వాటికి ప్రిన్సిపాలు అయ్యాడు. ఇంజనీరింగుకు నాలుగేళ్ళ చదువు కాలహరణమని, సరిగా నేర్పితే రెండేళ్ళు చాలునని అతని అభిప్రాయం. ఈ ప్రతిపాదనను బ్రిటిషు ప్రభుత్వం అంగీకరించలేదు. 1946లో నాయుడు రాజీనామా చేశాడు. ఆ ఇంజనీరింగు కళాశాల తరువాత కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా మారింది.

ఇతర విశేషాలు

నాయుడుకు ఫోటోగ్రఫీ, చలనచిత్రాల చిత్రీకరణ మీద మక్కువ. 1936 జనవరిలో లండనులో జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా చిత్రీకరించాడు. మహాత్మా గాంధీ, మోతీలాల్ నెహ్రూ, జవహర్‌లాల్ నెహ్రూ, సుభాష్ చంద్రబోస్ మొదలైన నాయకులను తన కెమెరాతో చిత్రించాడు. 1930వ దశకంలో జరిగిన రాష్ట్ర శాసనసభ ఎన్నికలలో పోటీ చేసి ఓడిపోయాడు.

మరణం, స్మృతి

నాయుడు 1974 జనవరి 4న మరణించాడు. ఇతని యంత్రాలు, ఛాయాచిత్రాలు కోయంబత్తూరులోని అవినాశి రోడ్డులో ఉన్న ప్రదర్శనశాలలో భద్రపరచబడ్డాయి. పాత కార్లను మరమ్మతు చేసి ప్రదర్శించే జీడీ కార్ల ప్రదర్శనశాల 2015లో ప్రారంభమైంది. ఇతని జీవితం మీద ఫిలిమ్స్ డివిజన్ తీసిన డాక్యుమెంటరీకి 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో బహుమతి లభించింది. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద ప్రారంభమైన సుమారు 10 కిలోమీటర్ల పైవంతెనకు జి.డి.నాయుడు పేరు పెట్టారు.

విద్యుత్ మోటారు నేడు పల్లె జీవితంలో విడదీయరాని భాగం. తెలంగాణలో జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల పొలాలకు బోరుబావుల నుండి నీరు తోడేదీ, సిరిసిల్లలో మరమగ్గాలను తిప్పేదీ మోటారే. కాలిపోయిన మోటారును విప్పి కొత్త తీగ చుట్టి మళ్ళీ నడిపించే మెకానిక్కులు ఇటువంటి ఊళ్ళన్నిటా ఉన్నారు. వారిలో చాలామంది ఆ విద్యను పుస్తకాల ద్వారా గాక యంత్రం ముందు కూర్చొని నేర్చుకొన్నవారే. అలా నేర్చిన విద్య ఎంత దూరం తీసుకొనిపోగలదో చెప్పడానికి జి.డి.నాయుడు జీవితం ప్రసిద్ధమైన ఉదాహరణ.