స్టీఫెన్ హిస్లాప్ దొరగారు

దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు ప్రాంతముల విద్యార్థులలో బండ్లగూడయందలి భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థవారి కార్యాలయమును బయటినుండియైనను చూచినవారు పలువు రుందురు. ఆ సంస్థ 1851వ సంవత్సరమున స్థాపింపబడెను. అదే సంవత్సరమున నాగపురమున బడి నడపుచున్న యొక మిషనరీ, ఊరి చెంతనున్న టాక్లీయొద్ద రాతిపొరలలో శిలలైపోయిన నత్తగుల్లలను కనుగొని, అప్పటినుండి రాళ్ళను విడువక పరిశీలింపసాగెను. ఆయనయే రెవరెండు స్టీఫెన్ హిస్లాప్ దొరగారు. వారి చరిత్రము మన తెలంగాణపు నేలతో ముడివడియున్నది గావున నిచ్చట వ్రాయుచున్నాము.

దొరగారు స్కాట్లండు దేశమందలి డన్స్ పట్టణమున 1817 సెప్టెంబరు 8వ తేదీన జన్మించిరి. ఫ్రీ చర్చివారి పక్షమున 1844లో హిందూదేశమునకు బయలుదేరి, 1845లో నాగపురము చేరి, మఱుసటి యేడు పాఠశాల తెఱచిరి. మరాఠీ నేర్చిరి. అడవులలోని గోండుల భాషను, ఆచారములను, పాటలను శ్రద్ధతో వ్రాసికొనిరి.

సహోద్యోగియైన రాబర్టు హంటరు దొరగారితో గూడి వారు చేసిన శిలాసేకరణము మిక్కిలి గొప్పది. కామఠీ చేరువనున్న సిలేవాడా రాతిగనులలో ఆకుల ముద్రలు దొరకెను. మాంగలీయొద్ద దొరకిన పుఱ్ఱెను లండనులో రిచర్డు ఓవెన్ పండితుడు పరీక్షించి, కప్పజాతికి దగ్గఱయైన ప్రాచీనజంతువని 1855లో నిర్ణయించి పేరిడెను. ఇక నిజాముగారి రాజ్యమున, నేటి ఆసిఫాబాదు ప్రాంతమందలి మలేరి గ్రామపు ఎఱ్ఱమట్టిలో చేపల పండ్లును, సరీసృపముల యెముకలును బయల్పడెను. అవి సుమారు ఇరువది రెండు కోట్ల యేండ్ల నాటివి.

మిషనరీకి రాళ్ళతో నేమి పని యని శంకించువారు నాడు నుండిరేమో, నేడును గలరు. వారికి దొరగారి కడపటి దినమే సమాధానము. 1863 సెప్టెంబరు 4వ తేదీన మధ్యపరగణాల చీఫ్ కమీషనరగు రిచర్డు టెంపుల్ దొరగారితో గూడి టాకల్‌ఘాటునొద్ద ప్రాచీనుల శిలావలయములను త్రవ్వించి చూచిరి. పిమ్మట టెంపుల్ దొరగారు శిబిరమునకు మరలగా, హిస్లాప్ దొరగారు ఆ యూరి చిన్నబడిని పరీక్షించుటకై వెనుక నిలిచిరి. చీకటిపడిన తరువాత నొంటరిగా వచ్చుచుండగా వాగు పొంగియుండెను. గుఱ్ఱము మాత్రము రౌతు లేక శిబిరము చేరెను. నలువది యాఱేండ్లు నిండుటకు నాలుగు దినములు తక్కువగా వారు నీటిపాలైరి. గోండులనుగూర్చిన వారి వ్రాతలను టెంపుల్ దొరగారే 1866లో ప్రకటించిరి. నాగపురమున 1883లో నెలకొన్న కళాశాల వారి పేరిటిది.

మలేరి యెముకల కథ యింతటితో ముగియలేదు. 1885లో లిడెక్కర్ పండితుడు అందు కొన్నిటిని మొసలివంటి యొక జంతువునకు చెందినవిగా నెన్ని, దొరగారి పేరు నిలుచునట్లు పారాసూకస్ హిస్లాపి యనెను. కాని ఆ రాశిలోని కపాలపు అడుగుభాగము మఱియొక జంతువుది! ముక్కు వంచినట్లున్న వేఱొక సరీసృపపు టెముక దీనితో కలిసిపోయినది. విడిముక్కలను చేర్చునపుడు పండితులకైనను ఇట్టి పొరపాటు తప్పదు. కలకత్తా గణాంక సంస్థకు చెందిన శంకర్ ఛటర్జీగారు మలేరి నేలలోనే దాదాపు సంపూర్ణమైన రెండు అస్థిపంజరములను కనుగొని 1978లో వర్ణించిరి. వాని కడుపుల తావున, మ్రింగబడిన చిన్నసరీసృపముల యెముకలు కూడ నుండెను! అటుపిమ్మట 2003లో నామనిర్ణయ సంఘమువారు ఆ క్రొత్త పంజరములలో నొకదానినే పేరునకు ఆధారముగా నంగీకరించిరి. దొరగారి పేరు నిలిచినది.

ప్రాణహిత యొడ్డునగల కోటగ్రామపు సున్నపురాతినుండి ఎగురు సరీసృపపు దవుడ తునక యని 1974లో జైన్ పండితుడొకదానిని వర్ణించెను. తరువాతివారు కొందఱు దానిని సంశయించిరి. ఈ జాతి జంతువులకు నాలుగవ వ్రేలు మిక్కిలి సాగి, దానినుండి చర్మపు ఱెక్క వ్రేలాడును. ఎగిరిన తీరు తెలియవలెనన్న ఆ వ్రేలును భుజపుకీలును కావలెను. నేలపై నడచిన తీరు తెలియవలెనన్న తుంటికీలును అడుగుజాడలును కావలెను. ఒక్క దవుడముక్క యేమి చెప్పగలదు?

దీనికి ప్రతిగా బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలోని కోటసారస్‌ను చూడుడు. 1988లో యాదగిరిగారు వర్ణించిన యీ జంతువు యామనపల్లి వద్ద దొరకినది. పండ్రెండింటికి తక్కువ గాని జంతువుల 840 యెముకలు ఒక్కచోట లభించినందున, వానిలోనుండి యేరి యొక్క దేహముగా నిలిపిరి. అన్నియు నొకే జాతివి గావున మలేరి పొరపాటు ఇచ్చట లేదు. కపాలము మాత్రము దొరకలేదు. అక్కడ కానవచ్చు తల యూహించి చేసినది.