ఆకాశవాణి పౌరాణికుడు ఉషశ్రీ

శ్రీరామనవమి వచ్చినదంటే పెనుబల్లి వంటి గ్రామాలవారి మనస్సు భద్రాచలం మీదనే ఉంటుంది. ఖమ్మం నుండి సత్తుపల్లి పోవు దారిలోనిది పెనుబల్లి. అక్కడినుండి గోదావరి ఒడ్డు చేరవలెనంటే నడుమ అడవులు దాటవలె. పోగలిగినవారు పోతారు. వృద్ధులు, పసిబిడ్డల తల్లులు ఇంట నిలిచిపోతారు. 1970లలో, 80లలో అట్లు నిలిచిపోయినవారికి కల్యాణాన్ని కన్నులకు కట్టించినది రేడియో. ఆ రేడియోలోని కంఠం ఉషశ్రీది.

ఆయన అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. 1928 మార్చి 16న గోదావరీ తీరాన కాకరపర్రు అగ్రహారంలో జన్మించినారు. తండ్రి రామమూర్తిగారు వైద్యులు, పురాణ ప్రవచనంలో పేరు పొందినవారు. ఇంటిపేరులోనే పురాణం ఉన్నది గదా! అయినా కుమారుడు తొలుత కథలు, నవలలు వ్రాసినాడు. ఉషశ్రీ అన్నది రచయితగా పెట్టుకొన్న పేరు. తరువాత ఆకాశవాణి ఉద్యోగం లభించినది. హైదరాబాదులో కొంతకాలం పనిచేసి విజయవాడ కేంద్రానికి వచ్చినారు. 1948లో ప్రారంభమైన ఆ కేంద్రానికి ఆయన రాకతో ఒక కొత్త పౌరాణికుడు దొరికినాడు.

గుడి మండపంలో పురాణం చెప్పేవానికి ఎదుట శ్రోతలుంటారు. ఒక అవ్వ కునికితే పిట్టకథ అందుకొంటాడు. ఒకరి కంట నీరు నిండితే గొంతు తగ్గిస్తాడు. మైకు ముందు ఆ ముఖాలు లేవు. పద్యం చదివి, అన్వయం చెప్పి, తాత్పర్యం విప్పే తీరిక కూడా లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారికం కొరకు పోరాడి 1940లో కన్నుమూసినారు. కాని ఇతిహాసాన్ని మోయగల బలం ఆ భాషకున్నదా అన్న శంక కొందరు పండితులను వెంటనే విడువలేదు. ఉషశ్రీ ఆ వాదంలోకి దిగక, ఆదివారం మధ్యాహ్నం రామాయణ భారత భాగవతాలను ఇంటి మాటలలో చెప్పినారు. ఇంటి మాటలంటే చవుకబారు మాటలు కావు. అవసరమైనచోట సంస్కృత సమాసం గంభీరంగా పడేది. ఆ వెంటనే, అక్షరం రానివారికి సైతం అర్థమయ్యే తెలుగు మాట దాని చేయి పట్టుకొని నడిపించేది.

ధర్మసందేహాల కార్యక్రమం మరింత కష్టమైనది. శ్రోతలు ఉత్తరాలలో ప్రశ్నలు పంపేవారు. జనం నోట నానిన కథ వేరు, మూలంలోని కథ వేరు. లక్ష్మణరేఖ వాల్మీకంలో లేదన్నంతనే నొచ్చుకొనేవారు నేటికీ ఉన్నారు. అట్టి శ్రోతలకు నచ్చజెప్పవలెనంటే గ్రంథం తెలియుటతోపాటు మనిషి కూడా తెలియవలె. ఉషశ్రీ సమాధానాలలో చమత్కారం ఉండేది. పనికిమాలిన ప్రశ్నకు చురక కూడా తగిలేది. పౌరాణికునికి అంత కటువు తగునా అన్నవారు లేకపోలేదు. వారి మాటను పూర్తిగా తోసిపుచ్చరాదు గాని, మెత్తని మాటలే చెప్పినట్లయితే జనం అన్ని వారాలు రేడియో చుట్టూ చేరి ఉండేవారు కారేమో.

ఇక భద్రాద్రి కల్యాణ వ్యాఖ్యానం. చూడలేనివారికి చూపవలె, మంత్రం నడిచేవేళ మౌనం వహించవలె, మంత్రం ఆగిన క్షణంలో అర్థం అందించవలె. అక్కడ సీతమ్మవారికి మూడు మంగళసూత్రాలు; పుట్టింటి, మెట్టినింటి సూత్రాలకు తోడు మూడవది భక్త రామదాసు చేయించినదని ప్రతీతి. చేతిలోని సూత్రం దూరానున్నవారికి కనబడదు, కథ తెలియనివానికి లెక్క అర్థం కాదు. అభిజిల్లగ్నంలో జీలకర్ర బెల్లం, పిదప మాంగల్యధారణ, ముత్యాల తలంబ్రాలు: ఈ వరుస తప్పకుండా, పురోహితుని మాటకు అడ్డుపడకుండా, అంత జనఘోషలో గొంతు చెదరకుండా చెప్పుకొనిపోవుట ఎంత పనియో విన్నవారికి తట్టేది కాదు. మండపంలో తామే కూర్చున్నట్లు ఉండేది వారికి. కొందరు రేడియో ముందే అక్షతలు పట్టుకొని కూర్చునేవారు.

ఆయన రామాయణ భారతాలను తిరుమల తిరుపతి దేవస్థానంవారు పుస్తకాలుగా ప్రచురించినారు. చదివినవారికి వాక్యం వెనుక ఆ గొంతే వినబడుతుంది. 1990 సెప్టెంబరు 7న, 62వ ఏట ఆయన పరమపదించినారు. ప్రసంగాంతంలో ఆయన పలికే స్వస్తి వాచకం మిగిలిన ధ్వనిముద్రణలలో నేటికీ వినవచ్చును.