రక్తబిందువును చదివిన పాల్ ఎర్లిక్

ముఖం పాలిపోయినంత మాత్రాన రోగమేదో తెలియదు. ఆహారంలో ఇనుము కొరవడినా మనిషి పాలిపోతాడు. రక్తాన్ని పుట్టించే ఎముకల మూలుగ చెడినా పాలిపోతాడు. ఈ భేదాన్ని కంటికి చూపిన మహనీయులలో అగ్రగణ్యుడు పాల్ ఎర్లిక్.

ఆయన 1854 మార్చి 14న నాటి ప్రష్యా రాజ్యంలోని స్ట్రెలెన్ పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. ఆ పట్టణం నేడు పోలండు దేశంలో ఉన్నది. వైద్య విద్యార్థిగా ఉన్ననాడే అద్దకపు రంగులపై ఆయనకు అమితమైన ఆసక్తి కలిగింది. ఏ రంగు ఏ కణాన్ని అంటుకొనునో పరిశీలించుటయే ఆయన వ్యాసంగమైంది. 1878లో లైప్‌జిగ్‌లో డాక్టరు పట్టం పొంది, బెర్లిన్‌లోని షారిటే వైద్యశాలలో చేరారు.

అక్కడ గాజుపలకపై రక్తాన్ని పలుచగా పూసి, వేడితో ఆరబెట్టి, రంగులద్ది సూక్ష్మదర్శినిలో చూచారు. తెల్లకణాలలో కొన్ని ఆమ్లపు రంగును, కొన్ని క్షారపు రంగును, మరికొన్ని ఆ రెండింటి మిశ్రమాన్ని గ్రహించాయి. ఆ విధంగా తెల్లకణాల జాతులు స్పష్టంగా వేరుపడ్డాయి. ల్యుకేమియా రకాలను గుర్తించుటకు ఇది పునాది అయింది.

1888లో ఆయన ఒక గర్భవతి వ్యాధిని వర్ణించారు. ఆమె వయస్సు 21 సంవత్సరాలు. రక్తం తీవ్రంగా క్షీణించినప్పుడు మూలుగ త్వరపడి, ఇంకా పక్వం కాని ఎర్రకణాలను సైతం రక్తంలోకి పంపడం సహజం. ఆమె రక్తంలో ఆ జాడ లేదు. మరణానంతరం ఎముకలను పరీక్షించగా, ఎర్రని మూలుగ ఉండవలసిన చోట పసుపుపచ్చని కొవ్వు కనిపించింది. ఈ రోగానికే తరువాతి కాలంలో ఎప్లాస్టిక్ ఎనీమియా అని పేరు వచ్చింది.

రోగనిరోధక శక్తిపై చేసిన కృషికి 1908లో ఆయన మెచ్నికోవ్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకొన్నారు. 1915 ఆగస్టు 20న పరమపదించారు. యూదుడైనందున నాజీ పాలకులు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక వీధికున్న ఆయన పేరును తొలగించారు. యుద్ధానంతరం ఆ పేరు తిరిగి వచ్చింది.

ఆ గర్భవతి మూలుగ స్థితి ఆమె మరణించిన పిదపనే తెలిసింది. 1929లో సోవియట్ వైద్యుడు ఆరింకిన్, బ్రతికియున్న రోగి రొమ్ముటెముక నుండి సూదితో మూలుగను తీయు సులభ పద్ధతిని ప్రకటించారు. నేడు రోగి బ్రతికియుండగానే మూలుగను పరీక్షించి చికిత్స ఆరంభించగలుగుతున్నారు. ఆ మూలుగను సైతం గాజుపలకపై పూసి, రంగులద్దియే చూస్తారు. పేరు చెరిపినా చెరగని కీర్తి అట్టిది. విద్యార్థులారా! ప్రయోగశాలలో గాజుపలకను చేత పట్టినప్పుడు, దానివెనుక ఉన్న ఆ ఓర్పును స్మరించండి.