విశ్రాంతి దినము కొరకు మన పెద్దలు చెల్లించిన వెల
(క్లౌ దొరగారి జీవితము నుండి)



మన బెంగళూరులో ఆదివారం ఆరాధన ముగిశాక బయట నిలబడి మాట్లాడుకునేటప్పుడు తరచుగా వినబడే మాట ఒకటి ఉంది. ఫలానా తమ్ముడికి డ్యూటీ పడిందనీ, ఫలానా చెల్లెమ్మకు షిఫ్టు మారిందనీ, అందుకే రాలేదనీ చెప్పుకుంటాము. వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి వైపు కంప్యూటర్ ఆఫీసులలో పనిచేసేవారికీ, భవన నిర్మాణంలో కూలికి వెళ్ళేవారికీ, అపార్ట్‌మెంట్లలో కాపలా ఉండేవారికీ ఈ ఇబ్బంది ఉన్నదే. ఊరు విడిచి బ్రతుకుతెరువుకు వచ్చినవాళ్ళం గనుక పని కాదనలేము. అయితే ఆదివారం నాడు పని మాని దేవుని సన్నిధిలో కూర్చోవడం మన సంఘాలకు ఎలా వచ్చిందో, దాని కోసం మన ముత్తాతలు ఏమేమి పోగొట్టుకున్నారో మన పిల్లలలో చాలామందికి తెలియదు. ఆ సంగతి తెలియాలంటే ఒంగోలు క్లౌ దొరగారి జీవితాన్ని ఒకసారి జ్ఞాపకం చేసుకోవాలి.

జాన్ ఎవరెట్ క్లౌ గారు 1836 జూలై 16న అమెరికా దేశంలో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. కలిగిన కుటుంబం కాదు. బ్రతుకుతెరువు కోసం వారు పడమటి రాష్ట్రాలకు తరలిపోయారు. అంటే ఆయన కూడా మనవలె వలస వచ్చినవారి బిడ్డే. యౌవనంలో మిన్నెసోటా ప్రాంతపు అడవులలో భూమిని కొలిచే సర్వే పనిలో చేరారు. మంచి పనివాడు, మొండి మనిషి. దేవుని విషయంలో మాత్రం ఆయనకు ఆసక్తి లేదు.

తరువాత చదువు కోసం అయోవా రాష్ట్రంలోని బర్లింగ్టన్ కళాశాలలో చేరారు. ఆయనతో గదిలో ఉన్న విద్యార్థి భక్తిపరుడు, ప్రతిదినం మోకరించి ప్రార్థన చేసుకునేవాడు. క్లౌ గారికి అది నచ్చలేదు. గది మధ్యలో సుద్దతో గీత గీసి, ప్రార్థన ఏదైనా ఉంటే గీతకు అవతలనే చేసుకోమని ఆ స్నేహితునికి చెప్పారు. ఈ సంగతిని ఆయనే పెద్దవయసులో దాచకుండా చెప్పుకున్నారు. ఆ గీత ఎక్కువకాలం నిలువలేదు. 1858లో ఆయన రక్షణ పొంది బాప్తిస్మము తీసుకున్నారు. తన సమయంలో దేవునికి చోటులేదని గీత గీసిన యువకుడే, తరువాత వేలాది కుటుంబాలకు వారంలో ఒక దినం దేవునిదని నేర్పించవలసివచ్చింది.

ఆయన సర్వే పనిలో తిరుగుతున్న ఆ రోజులలోనే ఇక్కడ మరొక సంగతి జరిగింది. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలులో కొండమీద ఐదుగురు మోకరించారు. నెల్లూరు మిషనెరీ లైమన్ జూవెట్ గారు, ఆయన భార్య, వారితో ముగ్గురు తెలుగు విశ్వాసులు. వారిలో నెల్లూరు జూలియమ్మ గారు ఒకరు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని వారు ప్రభువును అడిగారు. ఆ దినం ఆదివారము. ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అనే పిలుచుకుంటున్నాము. ఆ ప్రార్థనకు జవాబు రావడానికి 12 సంవత్సరాలు పట్టింది. క్లౌ గారు, ఆయన భార్య హేరియట్ అమ్మగారు 1864 చివర ఓడ ఎక్కి, 1865లో మద్రాసులో దిగారు. నెల్లూరులో కొంతకాలం తెలుగు నేర్చుకొని 1866లో ఒంగోలు చేరారు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది.

ఇంతలో యర్రగుంట్ల పేరయ్య గారనే మాదిగ సహోదరుణ్ణి ప్రభువు సిద్ధపరచి ఉంచాడు. ఆయన తోళ్ళ వ్యాపారం చేసేవారు. దేవుణ్ణి తెలుసుకోవాలని గురువుల దగ్గర యోగం నేర్చుకొని, ఏళ్ళ తరబడి మౌనంగా కూర్చొని వెదకినవారు. సువార్త విన్న తరువాత 1866లో జూవెట్ గారి చేత బాప్తిస్మము పొంది, భార్య నాగమ్మ గారితో కలిసి తన ఊరివారికి ప్రభువును గూర్చి చెప్పసాగారు. ఆయన పిలుపు మీద 1867 జనవరిలో క్లౌ గారు ఒంగోలుకు పడమటనున్న తాళ్ళకొండపాడు వెళ్ళారు. చింతతోపులో జనం కూడుకున్నారు. పలు పల్లెలనుండి వచ్చినవారు కొన్ని దినాలకు సరిపడా తిండిసామాను, ఉతికిన బట్టలు మూటగట్టుకొని తెచ్చుకున్నారు. పని మానుకొని, చెట్లక్రింద కూర్చొని, దేవుని సంగతులు విన్నారు. జనవరి 20, ఆదివారం నాడు 28 మంది బాప్తిస్మము పొందారు. తమకంటూ ఒక దినం కూడా లేని ఆ కూలి మనుషులు అన్ని దినాలు దేవునికిచ్చి కూర్చోవడం చిన్న సంగతి కాదు.

క్రొత్త విశ్వాసులకు క్లౌ గారు మూడు నియమాలు పెట్టారు. విగ్రహాలకు మొక్కకూడదు. చచ్చిన పశువుల మాంసం తినకూడదు. ఆదివారం పని చేయకూడదు. చదువురాని పల్లె జనానికి ఇవి జ్ఞాపకముండేవి. వీటిని బట్టి ఎవడు క్రైస్తవుడో ఊరంతటికీ తెలిసిపోయేది. మూడవ నియమం వినడానికి సులువుగా ఉంటుంది. కానీ ఊరిలో పెద్ద గొడవ లేపినవాటిలో అదొకటి.

ఎందుకంటే ఆనాటి మాదిగవాడకు సొంత దినమనేది లేదు. రైతుకు చెప్పులు కుట్టాలి. బావినుండి నీళ్ళు తోడే కపిలకు తోలు పని చేయాలి. జాతరకు డప్పు కొట్టాలి. కోతకాలంలో పిలిచినప్పుడు పోవాలి. దీనికి బదులు కళ్ళం దగ్గర వారికి మేర గింజలు కొలిచేవారు. ఏడాదంతా ఆ గింజలమీదే సంసారం. అటువంటి మనిషి వచ్చి, ఈవేళ ఆదివారం, ఈ దినం నేను నా దేవుని సన్నిధిలో ఉండాలి, రేపు వస్తాను అని చెప్తే ఆసామికి అది ధిక్కారంగా తోచింది. అనేక గ్రామాలలో కట్టుబాటు చేశారు. చాకలి బట్టలుతకకూడదన్నారు. కుమ్మరి కుండలమ్మకూడదన్నారు. ఊరి బీడులో పశువులను మేయనివ్వలేదు. కోతకు పిలవడం మానేశారు, గింజలు కొలవలేదు. ఆదివారం కోసం మన పెద్దలు చెల్లించిన వెల అదే. ఒక దినం విశ్రాంతి తీసుకున్నందుకు ఏడాది తిండి పోయే ప్రమాదం వారి ముందు నిలిచింది.

ఇది చాలా కఠినమైన నియమం కాదా అని మనలో ఎవరైనా అడగవచ్చు. తిండిలేనివానికి విశ్రాంతి బోధించడం న్యాయమా అనికూడా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దీనికి జవాబు లేఖనాలలో ఉంది. పది ఆజ్ఞలు బైబిలులో రెండుచోట్ల ఉన్నాయి. నిర్గమకాండం 20వ అధ్యాయంలో విశ్రాంతి దినానికి కారణం దేవుని సృష్టికార్యం. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో కారణం వేరు. ఐగుప్తులో దాసులైయున్నవారిని దేవుడు విడిపించాడు గనుక వారు విశ్రమించాలి, తమ దాసులనుకూడా విశ్రమింపనియ్యాలి. ఐగుప్తులో ఇశ్రాయేలీయులకు తమదని చెప్పుకోదగిన దినం లేదు. మన వాడలలోనూ లేదు. ఏడు దినాలూ మనుషుల చేతిలో ఉన్నవాడు ఒక దినం దేవుని చేతిలో పెట్టాడంటే, తాను ఇక మనుషుల సొత్తు కాదని ఊరందరి యెదుట సాక్ష్యమిచ్చినట్టే. అందుకే ఆసాములకు అంత కోపం వచ్చింది. అందుకే మన పెద్దలు అంత గట్టిగా నిలబడ్డారు.

ఆ తొలి రోజులలో క్లౌ గారికి సొంతంగా ఒక పరీక్ష ఎదురైంది. పై కులాలలో సువార్త వింటున్నవారు కొందరు, మాదిగలను చేర్చుకుంటే తాము రామని చెప్పారు. ఏమి చేయాలో ఆయనకు తోచలేదు. తన గదిలోకి వెళ్ళి ఒంటరిగా దేవుని సన్నిధిలో కూర్చున్నారు. క్రొత్త నిబంధన చేతికి తీసుకొని తెరవగా, మొదటి కొరింథీయులకు వ్రాసిన పత్రికలో, ఘనులను కాక నీచులుగా ఎంచబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే భాగం కనబడింది. అదే సమయంలో ఇంటిలో మరొకచోట ఉన్న హేరియట్ అమ్మగారు కూడా, ఆయన చేసిన సంగతి తెలియకుండానే, పుస్తకం తెరచి అదే భాగం చూశారు. భార్యాభర్తలు ఒకరికొకరు చెప్పుకున్నప్పుడు ఇక సందేహం మిగలలేదు. మాదిగ సహోదరులకు తలుపు తెరచే ఉంచారు. మన తెలుగు బాప్టిస్టు సంఘాల రూపాన్ని నిర్ణయించిన ఆ తీర్మానం ఏ కమిటీలోనూ జరగలేదు. పని ఆపి దేవునితో గడిపిన సమయంలో జరిగింది.

1876లో మహా కరవు ప్రారంభమైంది. 1878 వరకు చెన్నపట్నం రాజధాని అంతా అల్లాడిపోయింది. ప్రభుత్వం కూలి పని కల్పించడానికి బకింగ్‌హాం కాలువ త్రవ్వించింది. కొన్నిచోట్ల పైవాళ్ళు బీదవారిని కసురుకొని, కూలి సరిగా ఇవ్వక బాధించారు. అప్పుడు క్లౌ గారు తన పాత సర్వే విద్య ఉపయోగించి సుమారు మూడున్నర మైళ్ళ కాలువను తానే కాంట్రాక్టు తీసుకున్నారు. వేలమందికి పని దొరికింది, కూలి చేతికి అందింది. బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. పనివాళ్ళు అలసి గట్టుమీద కూర్చున్నప్పుడు బోధకులు వారి మధ్య కూర్చొని మాట్లాడేవారు. వారు మరల మరల చెప్పిన వాక్యం ఒకటుంది. మత్తయి సువార్త 11వ అధ్యాయం చివర, భారం మోసి అలసినవారిని ప్రభువు తన యొద్దకు పిలిచి విశ్రాంతినిస్తానన్న మాట. తలమీద మట్టితట్ట మోసినవానికి ఆ వాక్యం ఎవరూ వివరించనక్కరలేదు.

ఇక్కడ క్లౌ గారి జీవితంలో ముఖ్యమైన పాఠం ఉంది. విశ్రాంతిని గూర్చి బోధించినవాడే విశ్రాంతికి దారి కూడా చూపించాడు. మొదట కూలి, తిండి, మర్యాద ఇచ్చి, ఆ తరువాత ప్రభువు దగ్గరికి పిలిచాడు. పైగా కరవు కాలంలో తిండికోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని సుమారు 15 నెలలు ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. సహాయధనం పంచడం ముగిసిన తరువాతకూడా జనం వదలలేదు. 1878 జూలైలో గుండ్లకమ్మ యేటిలో వెల్లంపల్లి దగ్గర మూడు దినాలలో 3,536 మంది బాప్తిస్మము పొందారు. జూలై 3వ తేదీ ఒక్కనాడే 2,222 మంది. ఇద్దరు బోధకులు నీటిలో నిలిచి ఇస్తూ ఉంటే, వారు అలసినప్పుడు మరి ఇద్దరు దిగేవారు.

ఆ తరువాత ఇంచుమించు మూడు దశాబ్దాలు క్లౌ గారు తెలుగువారి మధ్య ప్రయాసపడ్డారు. 1893లో హేరియట్ అమ్మగారు ప్రభువునందు నిద్రించారు. 1910 నవంబరులో అమెరికాలోని రాచెస్టరు పట్టణంలో క్లౌ గారు కూడా తన విశ్రాంతిలో ప్రవేశించారు. ఒంగోలులో ఆయన పేరున ఆసుపత్రి ఏర్పడింది.

ప్రియులారా, ఇప్పుడు మన సంగతి చూసుకుందాం. డ్యూటీ వల్ల నిజంగా రాలేనివారిని మనం తప్పు పట్టకూడదు. విశ్రాంతి దినం మనుష్యుని మేలు కొరకేనని మార్కు సువార్త 2వ అధ్యాయంలో ప్రభువే తేటపరచాడు. అటువంటివారు వారంలో తమకు దొరికిన సెలవు దినాన కొన్ని గంటలు దేవునికి ప్రత్యేకించుకోవచ్చు. సంఘం సాయంత్రపు కూడిక పెట్టి వారికి తోడ్పడవచ్చు. కానీ సెలవు ఉండికూడా ఆ దినమంతా షాపింగుకూ, టి.వి.కీ, ఫోనుకూ అప్పగించేవారు ఒకమాట ఆలోచించాలి. మన ముత్తాతలు గింజలు పోగొట్టుకొని సంపాదించిన దినం అది. ఆనాటి సుద్దగీత మన ఇళ్ళలోనూ ఉందేమో చూసుకోవాలి.

ఇంకొక మాట చెప్పక తప్పదు. ఒకనాడు ఆదివారం అడిగినందుకు కట్టుబాటు ఎదుర్కొన్నవారి మనుమలం, ఈనాడు ఈ నగరంలో స్థిరపడి, మనమే పనివాళ్ళను పెట్టుకుంటున్నాము. మనం పాటలు పాడుతున్న సమయంలో మన ఇంటిలో గిన్నెలు తోముతున్న అమ్మాయికి, మన కారు నడిపే సహోదరునికి వారంలో ఒక దినం జీతం కోయకుండా ఇస్తున్నామా? ఆజ్ఞ మనకు మాత్రమే విశ్రాంతి చెప్పలేదు. మన ఇంట పనిచేసేవారినికూడా పేరుపెట్టి లెక్కించింది. వచ్చే ఆదివారం ఆరాధనకు బయలుదేరేముందు ఈ ఒక్క ప్రశ్నకు ప్రతి కుటుంబం దేవుని సన్నిధిలో జవాబు చెప్పుకోవాలని మనవి.

విశ్రాంతినిచ్చు ప్రభువు మన సంఘములన్నిటికీ తోడైయుండును గాక. ఆమేన్.