బాలింతల ప్రాణం కాచే యాంటీబయాటిక్స్.. ఆ చరిత్రలో మన తెలుగోడు! ఎల్లాప్రగడ సుబ్బారావు గురించి తెలుసా?

పాలకీడు (సూర్యాపేట జిల్లా): అర్జంటుగా సిజేరియన్ అనగానే అందరి ధ్యాసా బిడ్డ మీదే. తల్లికి కోత పెట్టే ముందు పడాల్సిన యాంటీబయాటిక్ ఇంజెక్షన్ గురించి అడిగేవాళ్లు తక్కువ. అసలు ఆ యాంటీబయాటిక్స్ చరిత్రలో ఓ తెలుగు డాక్టర్‌ది పెద్ద పాత్ర. ఆయనే ఎల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. పేద కుటుంబం. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ పాస్ కాలేదు. స్ప్రూ అనే జబ్బు ఇద్దరు సోదరులను పొట్టన పెట్టుకుంది. అప్పటికి దానికి సరైన మందే లేదు.

మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీజీ పిలుపుతో ఖద్దరు కట్టారు. అది సర్జరీ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ సర్టిఫికెట్‌తోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి శరీరంలో ఫాస్ఫరస్‌ను లెక్కగట్టే పద్ధతి కనిపెట్టారు. 1940లో లెడర్లీ ల్యాబ్‌లో చేరారు. అక్కడి ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అది పనిచేసింది. కానీ వాళ్లకు అందే సమయం ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడు గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రల్లో ఉండేది ఆ ఫోలిక్ యాసిడే.

బోదకాలుకు వాడే హెట్రజాన్ కూడా ఆ ల్యాబ్ నుంచే వచ్చింది. ఆయన పర్యవేక్షణలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను కనిపెట్టారు. టెట్రాసైక్లిన్ రకం మందుల్లో అదే మొదటిది. 1948లో అది ప్రపంచానికి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకే సుబ్బారావు కన్నుమూశారు. మళ్లీ సొంతూరు చూడనేలేదు. 1995లో మన ప్రభుత్వం ఆయన పేరుతో తపాలా బిళ్ల విడుదల చేసింది.

ఇప్పుడు సిజేరియన్‌లో ఏం వాడతారు?

టెట్రాసైక్లిన్ రకం మందులు కడుపులోని బిడ్డ ఎముకలు, పళ్ల మీద ప్రభావం చూపుతాయి. అందుకే గర్భిణులకు మామూలుగా ఇవ్వరు. సిజేరియన్‌కు ఎక్కువగా సెఫజోలిన్ లాంటి ఇంజెక్షన్ ఒక డోసు ఇస్తారు. ఒకప్పుడు బొడ్డుతాడు బిగించాక ఇచ్చేవాళ్లు. ఇప్పుడు కోతకు ముందే, గంటలోపు ఇవ్వాలన్నది పద్ధతి. దీంతో కుట్లు చీము పట్టడం, గర్భసంచి ఇన్ఫెక్షన్ లాంటివి 60 నుంచి 70 శాతం దాకా తగ్గుతాయని పరిశోధనల సమీక్షలు తేల్చాయి.

ఎమర్జెన్సీలో ఇది ఇంకా ముఖ్యం. గంటల తరబడి నొప్పులు పడి, ఉమ్మనీరు పోయి ఉంటే క్రిములు లోపలికి చేరే ముప్పు ఎక్కువ. పాలకీడు మండలం నుంచి హుజూర్‌నగర్‌కో, మిర్యాలగూడకో, సూర్యాపేటకో వెళ్లేసరికే బోలెడు టైమ్ పోతుంది. అందుకే ఆపరేషన్ అని తేల్చగానే ఇంజెక్షన్ పడాలి. గతంలో ఏ మందైనా పడకపోతే ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. కోతకు ముందు యాంటీబయాటిక్ ఇచ్చారా అని ఇంట్లోవాళ్లు అడగడంలో తప్పేం లేదు.

మందు లేక అయినవాళ్లు పోవడం సుబ్బారావు కళ్లారా చూశారు. ఇవాళ మందుంది. వేళకు పడితే చాలు.