నిహారికను తొలిసారి ఫొటో తీసిన డాక్టర్.. 51 నిమిషాల ఆ ఒక్క క్లిక్ వెనుక హెన్రీ డ్రేపర్ దంపతుల కథ

చలికాలం రాత్రి మేడ మీదకెక్కి చూస్తే ఒరాయన్ రాశిలో ఒకే వరుసలో మూడు నక్షత్రాలు కనిపిస్తాయి. మన మృగశిర ఉండేది కూడా ఆ రాశిలోనే. ఆ మూడింటికీ కాస్త దిగువన మసకమసకగా ఓ చుక్క ఉంటుంది. అది నక్షత్రం కాదు, ఒరాయన్ నిహారిక. కొత్త నక్షత్రాలు పుట్టే వాయువుల మేఘం అది. ఇప్పుడైతే చిన్న టెలిస్కోప్, డిజిటల్ కెమెరా ఉన్నవాళ్లు ఇంటి డాబా మీద నుంచే దాన్ని రంగుల్లో ఫొటో తీసేస్తున్నారు. కానీ 1880 దాకా ప్రపంచంలో ఏ నిహారికకూ ఒక్క ఫొటో కూడా లేదు. ఆ పని మొదట చేసిన వ్యక్తి వృత్తిరీత్యా డాక్టర్. పేరు హెన్రీ డ్రేపర్.

1837లో అమెరికాలోని వర్జీనియాలో పుట్టారు. తండ్రి జాన్ విలియం డ్రేపర్ కెమిస్ట్రీ ప్రొఫెసర్. చంద్రుడిని మొట్టమొదట ఫొటో తీసినవాళ్లలో ఆయన ఒకరు. అంటే ఈ పిచ్చి ఇంట్లోనే ఉందన్నమాట. హెన్రీ ఇరవై ఏళ్లకే వైద్య విద్య పూర్తి చేసేశారు. అయితే పట్టా ఇవ్వాలంటే 21 ఏళ్లు నిండాలి. ఆ ఖాళీ సమయంలో యూరప్ వెళ్లి, ఐర్లాండ్‌లో లార్డ్ రాస్ కట్టించిన 72 అంగుళాల టెలిస్కోప్‌ను చూశారు. అప్పట్లో ప్రపంచంలో అదే పెద్దది. తిరిగొచ్చి ఆస్పత్రిలో చేరారు కానీ, మనసంతా సొంత టెలిస్కోప్ మీదే.

మొదట లోహంతో అద్దం చేసుకున్నారు. ఓ చలికాలం, దాని వెనక చేరిన కొద్దిపాటి నీరు గడ్డకట్టడంతో ఆ అద్దం రెండు ముక్కలైంది. ఇంకొకరైతే వదిలేసేవారేమో. ఈయన గాజును అరగదీసి, దానిపై వెండి పూత పూసి, పదిహేనున్నర అంగుళాల అద్దం తయారు చేశారు. దాంతో చంద్రుడి ఫొటోలు సుమారు 1500 తీశారు. ఆ తయారీ పద్ధతిపై 1864లో ఆయన రాసిన పుస్తకం చాలాకాలం సొంతంగా టెలిస్కోప్ చేసుకునేవాళ్లకు పాఠ్యపుస్తకంలా పనికొచ్చింది.

పెళ్లి కాగానే గాజు కోసం..

1867లో అన్నా పామర్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమెది న్యూయార్క్‌లో బాగా డబ్బున్న కుటుంబం. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ కలిసి వెళ్లింది ఎక్కడికో తెలుసా? 28 అంగుళాల కొత్త టెలిస్కోప్‌కు కావాల్సిన గాజు ఎంచుకోవడానికి! ఆ రోజు నుంచి అబ్జర్వేటరీలో ఆమె లేకుండా పని జరగలేదు. అప్పటి ఫొటో ప్లేటుకు కలోడియన్ అనే జిగురు ద్రావణం పూసి, తడి ఆరకముందే వాడేయాలి. ఆ పూత పని అన్నా చూసుకునేవారు. 1872లో ఆ 28 అంగుళాల టెలిస్కోప్‌తోనే అభిజిత్ నక్షత్రపు కాంతి వర్ణపటంలోని నల్లటి గీతలను ఫొటోగా పట్టుకున్నారు. ఏ నక్షత్రం విషయంలోనైనా అదే మొదటిసారి.

మరి నిహారిక ఎందుకు దొరకలేదు? చంద్రుడికి వెలుతురు ఎక్కువ, క్షణాల్లో ప్లేటుపై పడతాడు. నిహారిక వెలుతురు చాలా తక్కువ. గంటపాటు పోగుపడితే తప్ప ప్లేటుకు అందదు. తడి ప్లేటేమో కొన్ని నిమిషాల్లోనే ఆరిపోతుంది. అందుకే అప్పటిదాకా నిహారికలను పెన్సిల్‌తో గీయడమే దారి. ఒకరు గీసిన బొమ్మకూ మరొకరు గీసిన బొమ్మకూ పొంతన ఉండేది కాదు. నిహారిక నిజంగా మారుతోందా, లేక గీసే చెయ్యి మారిందా అన్నది ఎవరికీ తేలేది కాదు.

1879లో ఇంగ్లండ్ వెళ్లినప్పుడు అక్కడి ఖగోళ శాస్త్రవేత్త విలియం హగ్గిన్స్ దగ్గర డ్రేపర్‌కు డ్రై ప్లేట్ల సంగతి తెలిసింది. వీటికి ఆరిపోయే బాధ లేదు. ఇక మిగిలింది భూమి తిరుగుడు. భూమి తిరుగుతుంటే నక్షత్రాలు పక్కకు జరిగిపోతుంటాయి కదా. గడియారం లాంటి యంత్రంతో టెలిస్కోప్‌ను అదే వేగంతో తిప్పుతూ ఉండాలి. కాస్త తేడా వచ్చినా చుక్కలు గీతలైపోతాయి.

1880 సెప్టెంబర్ 30 రాత్రి 11 అంగుళాల టెలిస్కోప్‌ను ఒరాయన్ వైపు తిప్పి 51 నిమిషాలు ప్లేటును తెరిచి ఉంచారు. నిహారిక పడింది! నిజం చెప్పాలంటే ఆ ఫొటో ఇవాళ చూస్తే ఏమంత గొప్పగా ఉండదు. నడిమి భాగం మాత్రమే వచ్చింది, నక్షత్రాలు ఉబ్బిపోయినట్టు కనిపిస్తాయి. డ్రేపర్‌కు కూడా తృప్తి కలగలేదు. 1881లో 104 నిమిషాలు, 1882 మార్చిలో 137 నిమిషాలు ప్రయత్నించారు. ఈసారి అంతకుముందు పట్టని మసక అంచులు, చిన్న చిన్న నక్షత్రాలూ ప్లేటుపైకి వచ్చాయి.

అంతా సిద్ధమయ్యాక..

అదే ఏడాది యూనివర్సిటీ ఉద్యోగానికి రాజీనామా చేశారు. ఇక పూర్తిగా ఆకాశం పనే. దానికి ముందు స్నేహితులతో రాకీ పర్వతాలకు వేటకు వెళ్లి, అక్కడ మంచు తుపానులో చిక్కుకున్నారు. జ్వరంతో ఇంటికొచ్చారు. నవంబర్‌లో శాస్త్రవేత్తలకు తన ఇంట్లో, అప్పటికింకా వింతగా ఉన్న ఎడిసన్ బల్బుల వెలుగులో విందు ఏర్పాటు చేశారు కానీ తాను ముద్ద ముట్టలేకపోయారు. కొద్ది రోజులకే, నవంబర్ 20న కన్నుమూశారు. వయసు 45.

రెండు నెలలు తిరిగాయో లేదో, 1883 జనవరి 30న ఇంగ్లండ్‌లో ఆండ్రూ కామన్ అనే ఇంజినీర్ తన ఇంటి ఆవరణలోని 36 అంగుళాల టెలిస్కోప్‌తో అదే నిహారికను మరింత స్పష్టంగా తీశారు. కంటికి కనబడని నక్షత్రాలు కూడా అందులో పడ్డాయి. పేరంతా దానికే వచ్చింది. డ్రేపర్ బతికుంటే పోటీ ఎలా ఉండేదో!

అన్నా మొదట అబ్జర్వేటరీని తానే నడపాలనుకున్నారు. చివరకు 1886లో ఆ 11 అంగుళాల టెలిస్కోప్‌నూ, భర్త పేరిట నిధినీ హార్వర్డ్‌కు ఇచ్చారు. ఆ డబ్బుతోనే అక్కడి మహిళలు లక్షలాది నక్షత్రాలను ప్లేట్లపై పరిశీలించారు. వారిలో ఒకరైన విలియమీనా ఫ్లెమింగ్, 1888లో తీసిన ప్లేటుపై గుర్రపు తల ఆకారంలో ఉన్న చిన్న మసక నిహారికను గుర్తించారు. టెలిస్కోప్‌లో కంటితో చూడడం చాలా కష్టమైన ఆ నిహారికను ఫొటో తీయాలన్నది ఇప్పటికీ అమెచ్యూర్ల కల. అన్నా 1914లో చనిపోయారు. 1918 నుంచి 1924 మధ్య వెలువడిన హెన్రీ డ్రేపర్ కేటలాగ్‌లో 2,25,300 నక్షత్రాలున్నాయి. వాటి నంబర్ల ముందుండే హెచ్‌డీ ఆయన పేరే. ఒరాయన్ నిహారిక మధ్యలో ఉండి దాన్ని వెలిగిస్తున్న నక్షత్రం నంబరు హెచ్‌డీ 37022.