రేనాటి వీరుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి

రాయలసీమలో రేనాడు అను ప్రాంతము కలదు. దానికి తూర్పున నల్లమల, పడమట ఎర్రమల కొండలు గోడలవలె నిలిచియున్నవి. వాని నడుమ కుందూ నది దక్షిణముగా ప్రవహించి, కడప జిల్లాలో పెన్నలో కలియును. నదికి ఇరువైపుల నల్లరేగడి భూములు. వేసవిలో ఆ నేల బీటలు వారును. వాన కురిసినచో బండి చక్రములు బురదలో దిగబడును. ఈ నేలపై పెరిగి, ఈ కొండలనే కోటలుగా చేసికొని, ఇంగ్లీషు కుంపిణీని ఎదిరించిన వీరుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి.

నరసింహారెడ్డి పాళెగాండ్ర వంశమున జన్మించెను. తండ్రి పెదమల్లారెడ్డి, మాతామహుడు నొస్సం జయరామిరెడ్డి. 1800లో నిజాము ఈ సీమను కుంపిణీకి అప్పగించెను. మొదటి కలెక్టరుగా వచ్చిన మన్రో దొర పాళెగాండ్ర బలమును అణచి, రైతులనుండి శిస్తును నేరుగా వసూలు చేయు పద్ధతిని నెలకొల్పెను. ఉయ్యాలవాడ కుటుంబమునకు మిగిలినది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల భరణము మాత్రమే. కష్టము వారొక్కరిదే కాదు. గ్రామములకు కావలి కాయుచు మాన్యములు అనుభవించుచుండిన కట్టుబడివారి భూములు సైతము క్రమముగా సర్కారు వశమయ్యెను. జీవనాధారము కోల్పోయినవారు నరసింహారెడ్డిని ఆశ్రయించిరి. బోయలు, చెంచులు, వడ్డెలు ఆయన పక్షమున నిలిచిరి. ఓబన్న ఆయనకు కుడిభుజమయ్యెను.

1846 జూలై 10న వారు కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేసిరి. ఖజానా కొల్లపోయెను. ఆ సీమ నాడు కడప కలెక్టరు పాలనలో ఉండెను. నేడది నంద్యాల జిల్లాలోనిది. కలెక్టరు కాక్రేను వెంటనే సైన్యమును రప్పించెను.

తుపాకులు ధరించి, బారులు తీరి నడచు సైన్యమును సమతల భూమిపై ఎదుర్కొనుట అవివేకమని నరసింహారెడ్డి ఎరుగును. అందుచేత ఆయన కుందూ మైదానమును దాటి, నల్లమల పాదమున నున్న రుద్రవరము మీదుగా తూర్పునకు సాగెను. నల్లమలను దాటుటకు నంది కనుమ, మంత్రాల కనుమ వంటి కొలది మార్గములే కలవు. ఇరుకైన కొండదారిలో పెద్ద సైన్యము సన్నని బారుగా సాగవలసినదే. ముందున్నవారికి వెనుకవారు తోడ్పడలేరు. ఏ లోయలో నీటి ఊట కలదో, ఏ కాలిబాట ఎచటికి పోవునో కొండవాసులకే తెలియును. కెప్టెన్ నాట్, వాట్సన్ అను సేనానులు వెంబడించిరి. జూలై 23న గిద్దలూరు కడ పోరు జరిగెను. నరసింహారెడ్డి శత్రువులకు చిక్కక నల్లమలలో ప్రవేశించెను.

ప్రపంచ చరిత్రలో ఇట్టి ఉదాహరణములు మరికొన్ని కలవు. మైదానమున అజేయులని పేరుపొందిన రోమను సైనికులు క్రీ.శ. 9వ సంవత్సరమున, వారుసు నాయకత్వమున, జర్మను దేశపు ట్యూటోబర్గు అడవులలో చిక్కుకొనిరి. ఇరుకు దారిలో, వానలో, బురదలో మూడు పెద్ద దళములు నాశనమయ్యెను. సంఖ్య కంటె, ఆయుధము కంటె, నేలను ఎరిగినవాని తెలివియే అచట గెలిచినది.

అయినను కొండల సహాయమునకు ఒక హద్దు కలదు. కొండ ఆశ్రయమీయగలదు గాని, వందలమందికి ధాన్యమీయజాలదు. ధాన్యము పండునది కుందూ తీరపు గ్రామములలో. కొండకును గ్రామమునకును నడుమ దారి తెరచియున్నంతవరకే తిరుగుబాటు నిలువగలదు. సర్కారు ఆయనను పట్టియిచ్చువారికి బహుమానము ప్రకటించెను. నరసింహారెడ్డి నల్లమలను వీడి కోయిలకుంట్ల ప్రాంతమునకు మరలివచ్చి, పేరుసోమల కొండలలో తలదాచుకొనెను. 1846 అక్టోబరు 6న సైన్యము ఆ స్థావరమును చుట్టుముట్టి ఆయనను బంధించెను.

తొమ్మిది వందలమందికి పైగా విచారణకు గురియైరి. వారిలో పెక్కుమంది విడుదలయ్యిరి. 112 మందికి శిక్షలు పడెను. నరసింహారెడ్డికి మరణశిక్ష విధింపబడెను. 1847 ఫిబ్రవరి 22, సోమవారమున, కోయిలకుంట్లలో రెండువేలకు పైగా జనము చూచుచుండగా ఆయనను ఉరితీసిరి. ప్రజలను భయపెట్టుటకై ఆయన శిరస్సును కోట గుమ్మమున వ్రేలాడదీసిరి. 1877 వరకు అది అటులే ఉండెను.

కాని ఆ భయము నిలువలేదు. కోట గుమ్మమున శిరస్సు వ్రేలాడిన ఆ సీమలోనే జానపదులు ఆయన కథను పాటలుగా పాడుకొనిరి. సిపాయిల తిరుగుబాటునకు పదేండ్లు ముందే ప్రాణమర్పించిన ఆ వీరుని పేరును 2021లో కర్నూలు సమీపమున ఓర్వకల్లు విమానాశ్రయమునకు ఉంచిరి. నల్లమల, ఎర్రమల నేటికిని నిలిచియున్నవి. ఆ కొండలు ఆయనకు కొన్ని నెలల ఆశ్రయమే ఈయగలిగెను. రేనాటి ప్రజల హృదయములు ఆయనకు శాశ్వత స్థానము నొసగెను.